1.2 కోట్ల హోమ్ లోన్ ఎక్కడ తీసుకోవాలి? మేం చూసుకున్న సంగతులు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: హైదరాబాద్‌లో తెల్లాపూర్ వైపు 1.6 కోట్ల ఫ్లాట్ నచ్చింది, ఇద్దరూ ఉద్యోగస్తులే, 1.2 కోట్ల లోన్ కావాలి. ప్రభుత్వ బ్యాంకా, ప్రైవేటు బ్యాంకా, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీయా తేల్చుకోలేకపోతున్నారు. మేం 2021లో నల్లగండ్లలో కొన్నప్పుడు దాదాపు ఇంతే మొత్తానికి ఆ మూడు రకాల వాళ్ల గడపా తొక్కాం. చివరికి ప్రభుత్వ బ్యాంకులో తీసుకున్నాం. ఎందుకో చెప్తాను. మీకూ అదే నప్పాలని లేదు.

బ్యాంకు సంగతి తర్వాత, ముందు చేతిలో ఎంత ఉందో చూసుకోండి. ఆర్‌బీఐ లెక్కలో 30 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, 75 లక్షలు దాటితే 75 శాతమే. అంటే 1.6 కోట్లకు మీకు వచ్చేది గరిష్ఠంగా 1.2 కోట్లే, ఏ బ్యాంకుకి వెళ్లినా సరే. రిజిస్ట్రేషన్ ఖర్చుని ఆ విలువలో కలపరు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే మీ ఫ్లాట్‌కి 12 లక్షలు. ఇంకా కడుతున్న బిల్డింగ్ అయితే 5 శాతం జీఎస్టీ, మరో 8 లక్షలు. ఓసీ (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాక కొంటే ఆ జీఎస్టీ ఉండదు. మీరు 40 లక్షలు సర్దుకుంటే చాలనుకుంటున్నారేమో, 60 దాకా రెడీగా ఉండాలి. కప్‌బోర్డులు, మాడ్యులర్ కిచెన్ ఇందులో లేవు. 50 లక్షలు, ఆపైన ఉన్న కొనుగోలుకి 1 శాతం టీడీఎస్ కోసి కట్టాల్సింది కూడా కొనేవాళ్లే. అది అదనపు ఖర్చేమీ కాదు, అమ్మేవాళ్లకి ఇచ్చే దాంట్లోంచే కోస్తాం. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే మాత్రం లెక్క వేరు, అడ్వాన్స్ ఇచ్చే ముందే సీఏని కలవండి.

అన్నట్టు, అమ్మేవాళ్లు "కొంత క్యాష్‌లో ఇవ్వండి" అంటారు. మన ఊళ్లో అది కొత్త కాదు. కానీ బ్యాంకు చూసేది అగ్రిమెంట్‌లో రాసిన ధర, వాళ్ల వాల్యుయర్ వేసిన ధర, ఈ రెండిట్లో తక్కువది. పెద్ద లోన్ కావాల్సినవాళ్లకి క్యాష్ బేరం అసలు గిట్టదు.

ఇక వడ్డీ. అందరూ "మీ రేటెంత" అనే అడుగుతారు. నేనైతే "మీ రేటు దేనికి కట్టి ఉంది" అని ముందు అడుగుతాను. 2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ (రేటు మారుతూ ఉండే) హోమ్ లోన్లన్నీ బయటి బెంచ్‌మార్క్‌కి ముడిపడి ఉండాలి. ఎక్కువ బ్యాంకులు రెపో రేటునే, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రేటునే పెట్టుకున్నాయి. కనీసం మూడు నెలలకోసారి రేటు సవరించి తీరాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి ఈ నిబంధన లేదు, వాటికి సొంత ప్రైమ్ లెండింగ్ రేటు ఉంటుంది. మేం ఒక కంపెనీ ఆఫీసులో ఇదే అడిగితే అక్కడి అబ్బాయి నవ్వుతూ "రెపోతో మనకి పనిలేదు సార్, మార్కెట్ చూసి మేమే తగ్గిస్తాం" అన్నాడు. "పెంచేటప్పుడు?" అని మా ఆవిడ అడిగింది. ఆ అబ్బాయి బ్రోషర్ పేజీ తిప్పాడు. 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబర్ లోపు రెపో 6.5 నుంచి 5.25కి దిగింది. మా లోన్ రేటు మేం ఒక్క ఉత్తరం రాయకుండానే తగ్గుతూ వచ్చింది. అలాంటి కంపెనీలోనే లోన్ ఉన్న మా ఆఫీసు స్నేహితుడు మెయిళ్ల మీద మెయిళ్లు పెట్టి, చివరికి కన్వర్షన్ ఫీజు కట్టి తగ్గించుకున్నాడు.

రెపో మీద బ్యాంకు వేసుకునే మార్జిన్‌ని స్ప్రెడ్ అంటారు. మీరు బేరమాడాల్సింది దాని మీదే. సిబిల్ స్కోర్ బాగుంటే, జీతం ఖాతా అక్కడే ఉంటే కొంచెం దిగుతారు. మొత్తం పెద్దది కాబట్టి అర శాతం తేడా కూడా చిన్నది కాదు. 1.2 కోట్లకు, 20 ఏళ్లకు, 8.5 శాతం అయితే ఈఎంఐ సుమారు 1,04,100. అదే 8 శాతం అయితే 1,00,400. నెలకి మూడువేల ఏడొందలేగా అనిపిస్తుంది, మొత్తం గడువు మీద 9 లక్షలు.

ఫ్లోటింగ్ రేటుకి రెండో ముఖం కూడా ఉంది. అది మేం కళ్లారా చూశాం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో 4 నుంచి 6.5కి పెరిగింది. అప్పుడు మా ఈఎంఐ పైసా కదల్లేదు. యాప్ తెరిచి చూస్తే చివరి వాయిదా సంవత్సరమే ముందుకు జరుగుతూ పోయింది, దాదాపు మా రిటైర్మెంట్ దాటి. మీ అంకెలతోనే వేసి చూపిస్తాను. 1.2 కోట్లు, 6.5 శాతం, 20 ఏళ్లు అయితే ఈఎంఐ సుమారు 89,500. ఏడాదిన్నర కట్టాక అసలు 1.15 కోట్ల దగ్గరికి వచ్చి, రేటు 9 శాతానికి ఎక్కిందనుకోండి. అప్పుడు నెల వడ్డీయే 86,500. మీరు కట్టే దాంట్లో అసలుకి పోయేది మూడు వేలు. అదే ఈఎంఐతో సాగితే తీరడానికి ఇంకో 38 ఏళ్లు పడుతుంది. మేం బ్రాంచికి వెళ్లి ఈఎంఐ పెంచమని రాసిచ్చాం. కౌంటర్‌లో ఉన్నావిడ "తగ్గించమని వస్తారు గానీ పెంచమని వచ్చినవాళ్లు మీరే" అంది. ఆ తర్వాత 2023 ఆగస్టులో ఆర్‌బీఐ చెప్పేసింది: రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంచెం కొంచెమా అన్నది అప్పు తీసుకున్నవాళ్లని అడగాలి అని. కాబట్టి మీకు బ్యాంకు నుంచి అలాంటి మెసేజ్ వస్తే చూసీచూడనట్టు వదిలేయకండి.

20 ఏళ్లా, 30 ఏళ్లా అని కూడా అడిగారు. 8.5 శాతం మీద 30 ఏళ్లకి ఈఎంఐ 92,300కి దిగుతుంది. నెలకి పన్నెండు వేలు మిగిలినట్టే ఉంటుంది గానీ మొత్తం వడ్డీ 1.3 కోట్ల నుంచి 2.12 కోట్లకు పోతుంది. అయినా ఇద్దరి ఉద్యోగాల్లో ఒకదాని మీద కొంచెం అనుమానం ఉన్నా 30 పెట్టుకోమనే నేను చెప్తాను. ఎందుకంటే ఫ్లోటింగ్ లోన్‌ని ముందే తీర్చుకుంటే వ్యక్తులకి పెనాల్టీ ఉండదు. ఏటా బోనస్ వచ్చినప్పుడు ఒక ఈఎంఐ అదనంగా వేసినా 20 ఏళ్ల లోన్ మూడేళ్లకు పైగా తగ్గిపోతుంది. గడువు పొడుగ్గా పెట్టుకుని త్వరగా తీర్చడం మన చేతిలో ఉంది. ఉద్యోగం పోయాక గడువు పెంచమని అడగడం మన చేతిలో లేదు.

ఎస్‌బీఐలో మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓవర్‌డ్రాఫ్ట్ లోన్ల గురించి మీరు వినే ఉంటారు. ఖాళీగా ఉన్న డబ్బు లోన్ ఖాతాలోనే పెడితే అంత మేరకు వడ్డీ పడదు, కావాలంటే మళ్లీ తీసుకోవచ్చు. మా బావమరిది అదే తీసుకుని చాలా సంతోషంగా ఉన్నాడు. వాడికి కంపెనీ షేర్ల డబ్బు ఏటా వస్తుంది. మామూలు లోన్ కంటే పావు శాతం ఎక్కువ అనుకుంటే 1.2 కోట్ల మీద ఏడాదికి 30 వేలు అదనం. 8.5 శాతం లెక్కన మూడున్నర లక్షలు ఎప్పుడూ ఖాతాలో ఉంటేనే ఆ అదనం తిరిగొస్తుంది. మా ఇంట్లో డబ్బు అలా ఒకచోట కూర్చోదు, అందుకే మామూలు టర్మ్ లోన్ తీసుకున్నాం.

మేం ప్రభుత్వ బ్యాంకు వైపు మొగ్గడానికి అసలు కారణం వడ్డీ కూడా కాదు, పేపర్లు. ప్రైవేటు బ్యాంకు ఏజెంట్ పేస్లిప్పులు వాట్సాప్‌లో పంపిన వెంటనే శాంక్షన్ లెటర్ తెచ్చిచ్చాడు. తీరా చూస్తే కింద చిన్న అక్షరాల్లో లీగల్, టెక్నికల్ క్లియరెన్స్‌కి లోబడి అని ఉంది. అంటే అది మా జీతానికి ఇచ్చిన మాటే తప్ప ఫ్లాట్‌కి ఇచ్చింది కాదు. ప్రభుత్వ బ్యాంకు ప్యానెల్ అడ్వకేట్ మాత్రం లింక్ డాక్యుమెంట్లన్నీ (పాత యజమానుల పత్రాలు) తెప్పించుకుని, భూమి అమ్మిన అన్నదమ్ముల భాగపరిష్కార పత్రంలో ఒక చెల్లెలి సంతకం లేదని పట్టుకున్నాడు. బిల్డర్ విసుక్కున్నాడు. "మిగతా బ్యాంకులు ఇచ్చేశాయి కదండీ, వీళ్లకే ఎందుకు" అని. చివరికి ఆవిడ చేత హక్కు వదులుకునే రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయించాడు. ఆలస్యమైంది, అద్దె ఇంటి ఓనర్‌ని బతిమాలుకోవాల్సి వచ్చింది, కానీ ఆ సంతకం విలువ ఎంతో మీకు చెప్పక్కర్లేదు.

అందుకని నా సలహా: లోన్ ఎక్కడ తీసుకున్నా, కనీసం ఒక ప్రభుత్వ బ్యాంకులో కూడా అప్లై చేసి వాళ్ల లీగల్ ఒపీనియన్ ఏమంటుందో చూడండి. దాంతోపాటు మీ సొంత అడ్వకేట్‌కి కూడా చూపించండి. బ్యాంకు అడ్వకేట్ చూసేది బ్యాంకు కోసం. మీరు స్వయంగా చూసుకోవాల్సినవి: రెరా (ప్రాజెక్టు రిజిస్ట్రేషన్) నంబర్, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), భూమిలో మీ వాటాకొచ్చే అన్‌డివైడెడ్ షేర్ ఎన్ని గజాలు, సర్వే నంబర్ రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, చెరువు నిండినప్పటి నీటి హద్దు అయిన ఎఫ్‌టీఎల్‌కి, బఫర్‌కి ఎంత దూరం. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ చివరిది అందరూ అడుగుతున్నారు, మంచిదే. చాలామంది అడగనిది ఇంకొకటి ఉంది. పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్డర్ కట్టే ఏరియాలో 10 శాతం జీహెచ్‌ఎంసీకో హెచ్‌ఎండీఏకో మార్ట్‌గేజ్ చేస్తాడు, ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. మీ ఫ్లాట్ ఆ 10 శాతంలో లేదని కాగితం మీద చూపించమనండి.

ఇన్సూరెన్స్ దగ్గర జాగ్రత్త. ఒకచోట మాకు చెప్పకుండానే లోన్ మొత్తానికి సింగిల్ ప్రీమియం పాలసీ కలిపి శాంక్షన్ లెటర్ ఇచ్చారు. అంటే ఆ ప్రీమియం మీద కూడా 20 ఏళ్లు వడ్డీ కట్టాలన్నమాట. అడిగితే "కంపల్సరీ మేడమ్, సిస్టమ్ తీసుకోదు" అన్నారు. కంపల్సరీ అని రాసిమ్మంటే సిస్టమ్ తీసుకుంది. బ్యాంకు తమ దగ్గరే పాలసీ కొనమని బలవంతం చేయకూడదు. అలాగని ఇన్సూరెన్స్ వద్దనుకోకండి, ఇద్దరూ విడిగా టర్మ్ పాలసీలు తీసుకోండి. బ్యాంకు మారినా అవి మీతోనే ఉంటాయి.

ఫీజులు పోల్చుకోవడం మా అప్పటికంటే ఇప్పుడు సులువు. 2024 అక్టోబర్ నుంచి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, అందులో ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఖర్చులు అన్నీ కలిపిన ఏడాది రేటు ఉంటుంది. రెండు చోట్లవి పక్కపక్కన పెట్టుకోండి. 1.2 కోట్ల మీద అర శాతం ప్రాసెసింగ్ ఫీజు అంటేనే 60 వేలు, పైన జీఎస్టీ. ఒరిజినల్ పత్రాలు బ్యాంకులో పెట్టినట్టు చేయించే ఎంఓడీటీ రిజిస్ట్రేషన్ ఖర్చు విడిగా అడగండి. బ్యాంకు మారినప్పుడల్లా అది మళ్లీ పడుతుంది, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ ఆఫర్లు చెప్పేవాళ్లు దాని ఊసెత్తరు. పన్ను మిగులుతుందన్న ఆశ మీద లెక్కలేయకండి. మీరుండే ఇంటికి కొత్త పన్ను విధానంలో వడ్డీ మినహాయింపు లేదు, పాత విధానంలోనూ ఒక్కొక్కరికి ఏడాదికి 2 లక్షలే. మీకు మొదటి నెల వడ్డీయే 85 వేలు.

ప్రభుత్వ బ్యాంకు అంటే ఓపిక ఉండాలి, అది దాచను. ఇద్దరిలో ఒకరికి సొంత వ్యాపారం ఉన్నా, పంచాయతీ పర్మిషన్ పాత ఇల్లు కొంటున్నా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలే సర్దుకుపోతాయి. వడ్డీ ఎక్కువైనా అక్కడ తప్పదు. మీరిద్దరూ జీతాలవాళ్లు, స్కోర్ బాగుందన్నారు, పైగా ఇంకా అద్దె ఇంటి గడువు ఉందన్నారు. మీకు తొందరేమీ లేదు కాబట్టి రెపోకి ముడిపెట్టిన బ్యాంకు లోన్ మాత్రమే చూడండి, స్ప్రెడ్ బేరమాడటానికి ఇంకో బ్యాంకు శాంక్షన్ లెటర్ చేతిలో పెట్టుకోండి.

ఎక్కడ తీసుకున్నా, రిజిస్ట్రేషన్ అయ్యాక ఒరిజినల్స్ అప్పగించేటప్పుడు ఎల్‌ఓడీ అడిగి తీసుకోండి. అంటే ఏయే డాక్యుమెంట్లు వాళ్ల దగ్గరున్నాయో రాసిన జాబితా. లోన్ తీరిన 30 రోజుల్లో పత్రాలు వెనక్కి ఇవ్వకపోతే, ఆలస్యం బ్యాంకు వల్లే అయితే రోజుకి 5,000 చొప్పున వాళ్లు మీకు కట్టాలి. కానీ అది అడగాలంటే ఏమిచ్చారో మీ దగ్గర రాసి ఉండాలి. లింక్ డాక్యుమెంట్ నంబర్లు, సంవత్సరాలతో సహా రాయించి, బ్రాంచి సీల్ వేయించుకోండి.