“జనానికి భయం ఉండాలె” అనే కామెంటును ఎలా చదవాలి?

ప్రశ్న: పీజీ ప్రాజెక్టు కోసం “ఈ దేశానికి నియంతే కరెక్టు” తరహా ఫేస్‌బుక్, యూట్యూబ్ కామెంట్లు పోగుచేశాను. జర్మన్ తత్వవేత్త అడోర్నో, ఇటలీ కమ్యూనిస్టు నేత గ్రాంషీ లాంటివాళ్ల సిద్ధాంతాలను వీటికి ఎలా అన్వయించాలి?

జవాబు: 2020లో ఎంఫిల్ కోసం నేనూ ఈ పనే చేశాను. మొదటిసారి తప్పుగా చేశాను. ఎలా చెయ్యాలో చెప్పడం కంటే ఆ తప్పేమిటో చెబితేనే మీకు ఎక్కువ ఉపయోగం.

నేను తీసుకున్నది ఎమర్జెన్సీ జ్ఞాపకం. ఏటా జూన్ 25 రాగానే 1975 గురించి తెలుగు పేజీల్లో పోస్టులు పడతాయి. కింద కామెంట్లు మొదలవుతాయి. “అప్పుడు రైళ్లు టైముకి నడిచేవి.” “మిలటరీ పాలన రావాలి.” “దండం దశగుణం భవేత్.” ఇలాంటివి నాలుగు వందల పైచిలుకు ఏరి ఎక్సెల్ షీట్లో పెట్టాను. ఒక్కోదాని పక్క గడిలో ఒక ముద్ర వేశాను: “నిరంకుశ మనస్తత్వం”, “ఆధిపత్య భావజాలం”. పంచాయతీ ఆఫీసులో రబ్బరు స్టాంపు చేతికి చిక్కిన పిల్లాడికి ఎంత హుషారో నాకూ అంత హుషారు. మా గైడ్ మేడమ్ షీటు చివరిదాకా చూసి ఒకటే మాట అడిగారు: “ఇందులో నీ కామెంటు ఎక్కడుంది?”

నేనెప్పుడూ అలాంటివి రాయలేదని చెప్పాను. ఇంటికెళ్లి వెతికితే దొరికింది. తేదీ 2019 డిసెంబర్ 6.

శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను ఆ తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఫేస్‌బుక్ నిండా చప్పట్లు. అందులో నాదీ ఒకటి: “ఇలాంటోళ్లకి ఇదే కరెక్టు. భయం పుట్టాలి.” వంద దాకా లైకులు కూడా వచ్చాయి. అప్పటికే నేను గ్రాంషీ మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్నే. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ విచారణ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. అది ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతోనే జరిగాయని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. అది నా ఎంఫిల్ అయిపోయాక వచ్చిన సంగతి. కానీ మేడమ్ అడిగిన రోజునే నా షీటులోని ముద్రలన్నీ చెరిపేశాను.

ఇక సిద్ధాంతాల సంగతి. అడోర్నో, ఆయన సహచరులు 1950లో అమెరికాలో వెలువరించిన అధ్యయనం, మనిషిలో ఫాసిస్టు మొగ్గు ఎంతుందో ప్రశ్నపత్రంతో కొలవాలని చూసింది. దాన్నే ఎఫ్ స్కేలు అంటారు. అందులోంచి నేను ఉంచుకున్నది ఒకే బొమ్మ: పైవాడి ముందు వంగి, కిందివాణ్ని తొక్కే మనిషి. జర్మన్లు ఇలాంటివాణ్ని సైకిలు తొక్కేవాడితో పోలుస్తారు, నడుం వంగి ఉంటుంది, కాళ్లు తొక్కుతూ ఉంటాయి. మిగతా స్కేలును మాత్రం జాగ్రత్తగా వాడండి. పిల్లలు నేర్వాల్సిన అతి ముఖ్యమైన గుణాలు విధేయత, పెద్దల పట్ల గౌరవం అనే అర్థం వచ్చే వాక్యం అందులో ఒకటుంది. మా నానమ్మయితే దానికి మూడుసార్లు అవునంటుంది. పోలీసులను నోరారా తిట్టడంలో ఆమెను మించినవాళ్లు మా వాడలో లేరు, అది వేరే విషయం. పైగా ఆ వాక్యాలన్నీ “అవును” అంటేనే మార్కు పడేలా రాశారని అప్పట్లోనే విమర్శ వచ్చింది. దేనికైనా తలూపేవాడు కూడా ఫాసిస్టుల లెక్కలోకే పోతాడు. లైకు బటనుదీ అదే జబ్బు. నాకొచ్చిన ఆ వందలో నమ్మకం ఎంత, మొహమాటం ఎంత, మా బావ బొటనవేలి అలవాటు ఎంత, ఎవరు తేలుస్తారు?

రెండోసారి షీటు ముందు కూర్చున్నప్పుడు మనుషులను వదిలేసి వాక్యాలు చూశాను. “జనానికి భయం లేకుండా పోయింది.” “మనోళ్లకి స్వేచ్ఛ ఎక్కువైంది.” “మన జనానికి కర్రే మందు.” వినేవాణ్ని కలుపుకుంటే మనం, విడదీస్తే మేం: ఈ తేడా తెలుగువాళ్లకు పుట్టుకతో తెలుసు. “మన జనం” అనే మాటలో “మన” రాసేవాణ్ని, చదివేవాణ్ని ఒక గట్టు మీదికి చేరుస్తుంది. వెంటనే “జనం” వచ్చి మిగతా దేశాన్ని కర్ర కిందికి తోస్తుంది. ఆ నాలుగు వందల్లో కర్ర తన వీపు మీద పడాలని కోరినవాడు ఒక్కడూ లేడు. “నాకు భయం ఉండాలి” అని ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు కదా, “ఇలాంటోళ్లకి” అన్నాను.

మనిషిని వదిలేస్తే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఎలా తెలుస్తుందంటారా? దానికి గ్రాంషీ. రైళ్లు టైముకి నడిచాయన్న మాట ఎమర్జెన్సీ కంటే పాతది, ముస్సోలినీ ఇటలీ గురించి కూడా అదే అనేవాళ్లు. అదే ముస్సోలినీ 1926లో గ్రాంషీని జైల్లో పెట్టించాడు. జైల్లో రాసుకున్న నోటు పుస్తకాల్లో ఆయన చెప్పిన సంగతి, మామూలు మనిషి లోకజ్ఞానం ఒక బొంత లాంటిదని నేను అర్థం చేసుకున్నాను. పాతవీ కొత్తవీ, ఒకదానికొకటి పొసగని ముక్కలు కలిపి కుట్టింది. అయితే అందులో అనుభవంతో నేసిన గట్టి గుడ్డలూ ఉంటాయి. వాటిని కూడా చింపి పారేస్తే మీ విశ్లేషణ ఉత్త తిట్టు అవుతుంది.

మా పెద్దబాపునే చూడండి. ఎమర్జెన్సీకి యాభై ఏళ్లు నిండిన 2025 జూన్ 25న, పొద్దున మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో “సంవిధాన్ హత్యా దివస్” పోస్టరు పెట్టాడు, రాజ్యాంగాన్ని ఖూనీ చేసిన రోజట. రాత్రి అదే గ్రూపులో “దేశం బాగుపడాలంటే మిలటరీ పాలనే కరెక్టు” అని ఇంకో ఫార్వర్డు. రెండింటికీ దండం పెట్టే బొమ్మే జోడించాడు. ఎంఫిల్ రోజులైతే దొరికావనుకునేవాణ్ని. ఈసారి ఫోన్ చేశాను.

ఆయన 1974లో తాసీలాఫీసులో గుమాస్తాగా చేరాడు. “గప్పుడు పదింటికల్లా సార్లందరు కుర్సీలల్ల ఉంటుండె. లంచం అడగాలంటె గజగజ వణుకుతుండె. జనానికి భయం ఉండె” అన్నాడు. ఇది అబద్ధం కాదు, ఆయన చూసిందే. బొంతలో గట్టి గుడ్డ ఇదే: ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాడి కడుపుమంట.

“మరి నీకు భయం కాలేదా పెద్దబాపు?” అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. “ఆపరేషన్ కేసులు తెమ్మని మా సారు పానం తీసిండురా. ఇద్దరిని తోల్కపోయిన. ఒగడు మన జీతగాడే. వానికి పెండ్లయి యాడాది గూడ కాలే.”

సైకిలు బొమ్మ గుర్తుందా? దాన్ని ఆయనకు అంటించబుద్ధి కాలేదు నాకు. ఆ సంవత్సరం, 1976–77లో, దేశమంతటా 82 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. అందులో మా జీతగాడు ఒకడు.

మన దగ్గరి కామెంట్లకు ఇంకో కారణం ఉంది, దానికి సిద్ధాంతం చాలదు, చరిత్ర కావాలి. 1977 ఎన్నికల్లో ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో కాంగ్రెస్‌కు ఒక్క సీటూ రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42లో 41 వచ్చాయి, నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. అంటే ఉత్తరాదివాళ్లకు తగిలిన దెబ్బ మనలో చాలామందికి తగల్లేదు. తగిలినవాళ్ల మాట బయటికి రాలేదు. 1975 జూలై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి దగ్గర నలుగురు విద్యార్థులను పోలీసులు కాల్చి చంపారు. డిసెంబర్ 1న నక్సలైట్ ఉద్యమంలో పనిచేసిన రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. పత్రికల మీద సెన్సార్ ఉన్న కాలం. రైలు ఆలస్యమైందని రాసే స్వేచ్ఛ పత్రికకు లేనప్పుడు రైళ్లన్నీ టైముకే నడుస్తాయి! గిరాయిపల్లి గురించి మాట్లాడనివ్వలేదు. చటాన్‌పల్లికి మనమే పూలు చల్లాం. మధ్యలో 44 ఏళ్లు.

ఈ పూల సంగతికి బ్రిటన్‌లో సంస్కృతి, మీడియా మీద పనిచేసిన పండితుడు స్టువర్ట్ హాల్ పనికొస్తాడు. 1970ల బ్రిటన్‌లో దారిదోపిడీల మీద పత్రికలు రేపిన గగ్గోలు, కఠిన పాలన కావాలని జనమే అడిగేలా ఎలా చేసిందో ఆయన బృందం చూపించింది. బలవంతంతో కాదు, సమ్మతితో. 2019లో ఆ వారమంతా మా చెల్లె డ్యూటీ దిగి ఇంటికొచ్చేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడేది. ఆ భయం నిజం. దాన్ని తూటా మీద నమ్మకంగా మార్చింది ఎవరు, ఎన్ని గంటల్లో, ఏ మాటలతో? మీ ప్రాజెక్టులో అసలు పని అక్కడుంది.

చిన్న చిన్న జాగ్రత్తలు కొన్ని. పేర్లు తీసేయండి. కామెంటును దాని పైనున్న పోస్టుతో సహా దాచుకోండి, లేకపోతే వెటకారం దొరకదు. “అవును సార్, ఆధార్ లింక్ చేసి ఇంటికో లాఠీ పంచండి” అన్నవాణ్ని నేను నిరంకుశుల్లో కలిపేశాను, పాపం. ఫేస్‌బుక్ “మోస్ట్ రెలెవెంట్” వరసలో చూపించినవి తీసుకుంటే ఆ ఎంపిక మీది కాదు, కంపెనీది. నావి సగం అలాంటివే, ఆ సంగతి వైవాలో బయటపడింది.

షీటులో ముద్రల గడి బదులు “ఇక్కడ జనం అంటే ఎవరు?” అని ఒక గడి పెట్టుకోండి. మీవి ఎన్ని కామెంట్లు, ఏ పోస్టుల కింద తీశారో కింద రాస్తే చూసి చెబుతాను. మీ పాత టైమ్‌లైన్ కూడా ఒకసారి కిందిదాకా వెళ్లి రండి.