తోపుడుబండిలో పసివాడు, తండ్రి చేతిలో కత్తి

చదువరుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నేను తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ నుంచీ మాంగా (జపాను బొమ్మల కథలు) చదివే అలవాటుంది గానీ, చదివినవన్నీ బడిపిల్లలకు ఏవో శక్తులు వచ్చి లోకాన్ని కాపాడే కథలే. ఇప్పుడు పాతదీ, కటువైనదీ, పెద్దల కోసం రాసినదీ ఒకటి చదవాలని ఉంది. హాస్టల్లో మిత్రుడొకరు ‘లోన్ వోల్ఫ్ అండ్ కబ్’ పేరు చెప్పారు. 28 సంపుటాలని విని జంకుతున్నాను. దానితో మొదలుపెట్టవచ్చా?
— ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: నిస్సంకోచంగా మొదలుపెట్టండి. కజువో కొయికే రాయగా గొసెకి కొజిమా బొమ్మలు గీసిన ఈ కథ 1970లో జపానులో ఒక వారపత్రికలో మొదలై 1976లో ముగిసింది. తొకుగావా వంశపు షోగన్లు, అంటే సైనిక పాలకులు, జపానును ఏలిన కాలంలో జరుగుతుంది. కథానాయకుడు ఒగామి ఇత్తో షోగన్ కొలువులో ఒక భయంకరమైన ఉద్యోగం చేస్తుంటాడు. ప్రభువు ఆజ్ఞ మేరకు కడుపు కోసుకుని ప్రాణం తీసుకోవలసి వచ్చిన సామంతుడి వెనుక నిలబడి, అతని యాతన సాగకుండా ఒక్క వేటుతో తల తీయడం ఆ ఉద్యోగం. ఆ పదవి మీద కన్నేసిన యగ్యూ వంశంవారు, షోగన్ చిహ్నం ఉన్న మృతుల స్మారక ఫలకాన్ని ఇత్తో ఇంటి పూజామందిరంలో రహస్యంగా పెట్టించి, బతికున్న ప్రభువు చావును కోరుతున్నాడన్న నేరం అతని మీద మోపుతారు. అప్పటికే భార్యను హత్య చేసి ఉంటారు. ఇక మిగిలింది ఇత్తో, పాకే వయసులో ఉన్న కొడుకు దైగొరో.

మన ఇళ్ళలో అన్నప్రాసన నాడు ఏం చేస్తామో మీరు చూసే ఉంటారు. చాప మీద పుస్తకం, కలం, బంగారం, పూలు, కత్తి పేర్చి, బిడ్డను కాస్త దూరంగా కూర్చోబెట్టి, ఏది పట్టుకుంటాడా అని అమ్మమ్మలూ మేనత్తలూ నవ్వుతూ ఎదురుచూస్తారు. కత్తి పట్టుకుంటే “ధైర్యవంతుడవుతాడే!” అని మురిసిపోతారు. ఈ కథలో ఇత్తో కూడా అచ్చంగా ఆ పనే చేస్తాడు. ఒక పక్క నేలకు గుచ్చిన కత్తి, ఇంకో పక్క ఆడుకునే బంతి పెట్టి కొడుకును మధ్యకు వదులుతాడు. బంతి పట్టుకుంటే నిన్ను మీ అమ్మ దగ్గరికి పంపిస్తానంటాడు. అమ్మ చనిపోయిందన్న సంగతి మనకు తెలుసు, పాకుతున్న బిడ్డకు తెలియదు. పిల్లవాడు ముందు బంతి వైపు చూస్తాడు. కొజిమా ఆ చూపును, నేల మీద ఆనిన చిన్న చేతులను, తండ్రి కదలని ముఖాన్ని ఒక్కొక్క గడిలో విడివిడిగా గీస్తూ పోతాడు. చివరికి బిడ్డ కత్తి పట్టుకుంటాడు, తండ్రి అతన్ని గుండెకు హత్తుకుంటాడు. ఆ కౌగిలిని చూసి సంతోషించాలో ఏడవాలో నాకు నేటికీ తెలియదు. మీరు కోరిన కటుత్వం నెత్తుటి పుటల్లో కంటే ఇక్కడే ఎక్కువగా ఉంది.

అయితే ఒక హెచ్చరిక. ఈ ఘట్టం కథ మొదట్లో రాదు. తొలి కథల్లో ఒక దేశదిమ్మరి కొడుకును చెక్క తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని ఊళ్ళ వెంట తిరుగుతూ, 500 ర్యో బంగారు నాణేలు తీసుకుని హత్యలు చేస్తుంటాడు. ఎవరో పిలుస్తారు, డబ్బిస్తారు, అతను పని ముగించి వెళ్ళిపోతాడు. రెండు మూడు కథలయ్యేసరికి “ఇంతేనా?” అనిపించడం సహజం. నాకూ అనిపించింది, పుస్తకం మూసి వారం రోజులు పక్కన పెట్టాను. అతని గతం మొదటి సంపుటం చివర బయటపడుతుంది. అది తెలిశాక వెనక్కి తిరిగి మొదటి కథ చూస్తే, అంతకుముందు వట్టి ఎత్తుగడలా కనిపించిన తోపుడుబండి వేరేలా కనిపిస్తుంది. కాబట్టి మొదటి సంపుటం పూర్తిగా చదివేదాకా ఏ నిర్ణయానికీ రావద్దు. 28 సంపుటాల లెక్క కూడా ఇప్పుడే వేయకండి. చాలా కథలు దేనికది పూర్తవుతాయి కనుక, మధ్యలో పరీక్షలు వచ్చి నెల రోజులు ఆపినా తెగిన దారం వెతుక్కోవలసిన పని ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. తండ్రీకొడుకుల కథ అంటూ స్నేహితుడి అన్న దగ్గర నుంచి ఈ పుస్తకం మొదటి భాగం తెచ్చుకున్నాడు. అట్ట మీద చంటిపిల్లవాడి బొమ్మ చూసి నేనూ పట్టించుకోలేదు. లోపల నాలుగు పేజీలు తిప్పి ఉలిక్కిపడ్డాను. చదవనివ్వవచ్చా అండీ?
— ఒక తల్లి, చిత్తూరు

జవాబు: వద్దండి. మీరు ఉలిక్కిపడడంలో తప్పేమీ లేదు. బొమ్మల పుస్తకమంటే పిల్లలదేనని మనం చందమామ నాటి నుంచి అనుకుంటూ వచ్చాము గానీ, జపానులో 1950ల నుంచే పెద్దల కోసం గీసే బొమ్మల కథలు వేరే పాయగా సాగాయి. వాటికి ‘గెకిగా’ అనే పేరును 1957లో యొషిహిరో తత్సుమి అనే చిత్రకారుడు వాడుకలోకి తెచ్చాడు. ఒకప్పుడు మన ఊళ్ళలో నవలలు అద్దెకిచ్చే షాపులు ఉన్నట్టే అక్కడా అద్దె పుస్తకాల కొట్లు ఉండేవి. పగలంతా కర్మాగారాల్లో పనిచేసి వచ్చిన కుర్రకారు వాటిని తీసుకెళ్ళి చదివేవారు. మీ అబ్బాయి తెచ్చింది ఆ పాయలో పుట్టిన కథే. తలలు తెగడం ఒక్కటే అయితే సినిమాల్లో చూడనిదా అనవచ్చు, కానీ ఇందులో స్త్రీల మీద జరిగే అత్యాచారాలూ నగ్నతా కూడా దాపరికం లేకుండా ఉన్నాయి. 18 నిండినవారికి తప్ప నేను ఎవరికీ ఇవ్వను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇందులోని తండ్రి ఆదర్శ పురుషుడు కాడు. ఎదుటివాణ్ణి ఏమరపాటులో పడేయడానికి కొడుకునే ఎరగా వాడిన సందర్భాలున్నాయి. రచయిత అది ఒప్పని ఎక్కడా అనడు, తప్పని కూడా వేలెత్తి చూపడు, తీర్పు మనకే వదిలేస్తాడు. పదమూడేళ్ళవాడు ఆ తీర్పు చెప్పుకోవడం కష్టం. పుస్తకం లాక్కున్నట్టు కాకుండా, డిగ్రీలో చేరాక నేనే కొనిస్తానని చెప్పి చూడండి. మాట నిలబెట్టుకోవలసిన బాధ్యత మాత్రం మీదే.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకుంటున్నాను. మా గురువుగారు వేరే దేశాల గీతలు కూడా చూడమంటారు. ఈ పుస్తకంలో నావంటివారు చూడవలసింది ఏమైనా ఉందా?
— ఒక అభ్యాసకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: మిగతా ఇద్దరికంటే మీకే ఎక్కువ ఉందమ్మా. కొజిమా బడిలో బొమ్మలు నేర్చుకున్నవాడు కాడు. చిన్న వయసులోనే సినిమా బోర్డులు రాశాడు. తరువాత వీధి కథకులు చెక్క పెట్టెలో ఒక్కొక్క బొమ్మే మారుస్తూ పిల్లలకు కథ చెప్పే ‘కమిషిబాయి’ ఆటకు బొమ్మలు వేశాడు, ఆపైన అద్దె పుస్తకాలకు గీశాడు. దూరం నుంచి చూసేవాడికి కూడా ఒక్క చూపులో సంగతి అర్థం కావాలన్న పట్టుదల ఆ పనుల నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

మీరు ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో పులియబెట్టి చేసుకున్న నల్ల రంగులో కలం ముంచి, చుట్టిన గుడ్డను వేళ్ళతో నొక్కుతూ గీత లాగుతారు కదా. ఒత్తిడి పెరిగితే గీత లావవుతుంది, తగ్గితే సన్నబడుతుంది, పొరపాటు జరిగితే చెరిపే వీలు తక్కువ. కొజిమా కుంచెలోనూ ఆ జంకులేనితనమే కనిపిస్తుంది. వాన కురిసే పుటలు తీసి చూడండి. పై నుంచి కిందికి వేగంగా లాగిన గీతలు, వాటి మధ్య నడుస్తున్న మనిషికి మాత్రం గీత తెగి తెగి ఉంటుంది. రెల్లుగడ్డి గాలికి వంగే చోట ముఖాలకు కళ్ళూ ముక్కూ కూడా గీయడు, అయినా ఎవరు ఎటు తిరిగారో తెలిసిపోతుంది. మీ రామాయణం తెరల్లో వరుసగా గళ్ళు, వాటి కింద తెలుగు పాదాలు ఉంటాయి. ఇతను మాత్రం ఒక్క మాట కూడా లేకుండా పుటల తరబడి కథ నడిపిస్తాడు.

వీలైతే దైగొరో ఒంటరిగా ఉన్న ఒక కథ వెతికి చూడండి. ఒక జేబుదొంగ పారిపోతూ, కొట్టేసిన సొమ్ము సంచిని ఆ పిల్లవాడి చేతికిచ్చి, ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకుంటుంది. అధికారులు వాణ్ణి పట్టుకుని అందరి ముందూ కొడతారు. చూడలేక ఆమె తనంత తానుగా వచ్చి లొంగిపోతుంది, “నేనే ఇచ్చానని చెప్పెయ్యి నాయనా” అని బతిమాలుతుంది కూడా. వాడు ఆమె వైపు చూసి, కాదన్నట్టు తల అడ్డంగా ఊపుతాడు. మూడేళ్ళ పిల్లవాడి ముఖంలో ఆ మొండితనాన్ని ఎన్ని గీతల్లో చూపించాడో లెక్కపెట్టి, అదే ముఖాన్ని మీ కలంతో ఒకసారి గీసి చూడండి.

ప్రశ్న: ఏ ముద్రణ కొనాలి? కుడి నుంచి ఎడమకు చదవాలంటారు, నిజమా?
— ఒక చదువరి, మదనపల్లె

జవాబు: ఇంగ్లీషులో 1987లో మొదలైన తొలి ముద్రణ మధ్యలోనే ఆగిపోయింది, పాత పుస్తకాల దుకాణంలో కనిపించినా దాని జోలికి పోకండి. డార్క్ హార్స్ సంస్థ 2000–2002 మధ్య 28 సంపుటాలూ తెచ్చింది. తరువాత 2013 నుంచి వాటినే 12 లావు సంపుటాలుగా కలిపి వేసింది. చిన్న పుస్తకాలు జేబులో పడతాయి గానీ అక్షరాలు మరీ చిన్నవి, నలభై దాటిన కళ్ళకు శిక్ష. లావువి ఒడిలో పెట్టుకుని చదవవలసిందే, ఒక్కొక్కటీ దాదాపు 700 పేజీలు. నేనైతే లావువే కొనమంటాను. రెండింటిలోనూ బొమ్మలను మన అలవాటుకు తగ్గట్టు ఎడమ నుంచి కుడికి తిప్పి ముద్రించారు కనుక చదవడానికి ఇబ్బంది లేదు. కాకపోతే ఆ తిప్పడంలో కత్తియోధులందరూ ఎడమచేతివాటం వాళ్ళయిపోయారు! రోనిన్ (ప్రభువు లేని యోధుడు), ర్యో వంటి జపాను మాటలను అనువదించకుండా అలాగే ఉంచి, పుస్తకం చివర వాటి అర్థాలు ఇచ్చారు. అక్కడ ఒక కాగితం ముక్క పెట్టుకుని చదవండి.

ముందు ఒక్క సంపుటమే కొనుక్కోండి. నచ్చితే వరుసగా తెప్పించుకోండి గానీ, మధ్యది ఎవరికీ అరువు ఇవ్వకండి. నా దగ్గర ఏడో సంపుటం లేక నాలుగేళ్ళయింది, తీసుకున్నాయన రోజూ ఎదురుపడి నమస్కారం మాత్రం పెడుతుంటారు.