చేతిపుస్తకం రాస్తున్న సోషల్ మాస్టారికి

కడప

నాయనా,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. హైస్కూలు పిల్లల చేత అసలు పత్రాలు (శాసనాలు, ఆ కాలపు రాతలు) చదివించి, వాటి ఆధారంగా చరిత్ర వ్యాసాలు రాయించాలన్న ఆలోచన, దానికోసం తెలుగులో ఓ చేతిపుస్తకం రాయాలన్న పట్టుదల రెండూ నాకు నచ్చాయి. ఈ వయసులో ఇంత ఓపిక ఉండటం మంచిదే. మెచ్చుకోలు ఇంతటితో ఆపి పనిలోకి వస్తా.

మూడో అధ్యాయం చివర 'నమూనా వ్యాసం' అని నాలుగు పేజీలు పెట్టావు. అది తీసెయ్. బాగా రాశావు కాబట్టే తీసెయ్యమంటున్నా. పుస్తకం అచ్చయిన నెలలోపు ఆ నాలుగు పేజీలు జిరాక్స్ షాపుకు పోతాయి, మిగతా పుస్తకం హెడ్మాస్టర్ గది బీరువాలో పడుంటుంది. మన పిల్లలు గైడ్ల మధ్య పెరిగినవాళ్ళు. అచ్చులో నమూనా కనబడితే బట్టీ పడతారు. అదే చదువని వాళ్ళకు నేర్పింది మనమే కదా, వాళ్ళననేదేముంది?

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. నీ వ్యాసాలన్నిట్లోనూ పత్రం ఆఖర్న వస్తోంది, విందు అయిపోయాక తాంబూలం ఇచ్చినట్టు. 'విజయనగర రాజులు నీటిపారుదలకు పెద్దపీట వేశారు' అని ముందే తీర్పు చెప్పేస్తావు. రెండు పేరాలు నడిచాక 'దీనికి పోరుమామిళ్ళ శాసనమే నిదర్శనం' అంటావు. ఆ శాసనంలో ఏముందో నీ వ్యాసం చదివిన పిల్లవాడికి తెలీదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. శాసనం లేకపోయినా ఆ వ్యాసం అట్లాగే నిలబడుతుంది. పత్రం తీసేస్తే కూలిపోయే వ్యాసం రాయించాలి నువ్వు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క ముక్క కోసమే.

అదే పోరుమామిళ్ళ శాసనం తీసుకుందాం, మన జిల్లాదే కాబట్టి. శక సంవత్సరం 1291 నాటిది. 78 కలిపితే 1369. (ఈ కూడిక పిల్లలనే చెయ్యనీ. తేదీ తాము లెక్కగట్టామన్న సంబరం చిన్నదేం కాదు.) మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి వేయించిన శాసనం. శాసనాలను అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో మూలం, ఇంగ్లీషు అనువాదం దొరుకుతాయి. అందులోంచి ఒక పేజీకి సరిపడా భాగం నువ్వు తేట తెలుగులో రాసి పెట్టు. పేజీకి మించొద్దు.

మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలనీ, ఆరు దోషాలు ఉండకూడదనీ ఆ శాసనం చెప్తుంది. దోషాలు చూడు: కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం. తరగతిలో ఇది చదివితే 'సరిహద్దులో ఉంటే తప్పేంది సార్' అని ఎవరో ఒకరు అడక్క మానరు. జవాబు నువ్వు చెప్పొద్దు. టీవీలో నీళ్ళ పంచాయితీలు వింటూ పెరిగిన రాయలసీమ పిల్లలు, వాళ్ళే చెప్తారు. చెప్పాక మాత్రం ఒక్క మాట అడుగు: 'ఇది శాసనంలో ఉందా, నీకు తోచిందా?' దోషమని ఉంది, ఎందుకు దోషమో చెప్పింది మనవాడు. రెండూ వ్యాసంలో ఉండొచ్చు, కలిసిపోకూడదు. దీనికి తేలికైన పద్ధతి ఉంది. పత్రంలో ఉన్న మాటను పెన్నుతో, తనకు తోచింది పెన్సిల్‌తో రాయించు. వ్యాసం మొత్తం పెన్నే ఉంటే అది ఎత్తిరాత. మొత్తం పెన్సిలే ఉంటే కథ. పేజీని దూరం నుంచి చూసినా నీకు అర్థమైపోతుంది.

ఇంకొంచెం ముందుకు పోతే, రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని ఉంటుంది. లెక్క వెయ్యమను. సెలవే లేదనుకుంటే ఏడు లక్షల పైచిలుకు పనిదినాలు. ఇప్పుడు ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. వెయ్యి, వంద, అన్నీ గుండు అంకెలే ఎందుకున్నాయి? నిజంగా లెక్కపెట్టారా, గొప్పకు రాయించారా? రాజు పేరుంది, ఆయన తండ్రి పేరుంది, వెయ్యి మందిలో ఒక్క కూలీ పేరైనా ఉందా? లేదు. ఎందుకు లేదు? శాసనం చెక్కించింది ఎవరు, ఎవరి పుణ్యం కోసం?

అప్పుడివ్వు వ్యాసం ప్రశ్న. 'విజయనగర కాలం నాటి నీటిపారుదలను వివరింపుము' అనొద్దు, దానికి గైడు ఉంది. 'ఈ చెరువు కట్టించినవాడు తన గురించి లోకానికి ఏం తెలియాలనుకున్నాడు? ఏం చెప్పకుండా వదిలేశాడు?' అని ఇచ్చి చూడు. ఈ ప్రశ్నకు గైడులో జవాబు లేదు. ఎదురుగా ఉన్న పేజీలో ఉంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకటిన్నర పేజీ రాయగలదు. ఆ చెరువు ఇప్పటికీ ఉంది, పోరుమామిళ్ళకు బస్సులున్నాయి. వీలైతే తీసుకుపో. వీలుకాకపోతే బాధపడకు. ట్రిప్పులు పెట్టినంత మాత్రాన చరిత్ర రాదు, ఫోటోలొస్తాయి.

ఒక పత్రంతో చెయ్యి తిరిగాక రెండు పత్రాలివ్వు, ఒకదానితో ఒకటి పొసగనివి. గండికోట ఉండగా వేరేవి వెతుక్కోవాల్సిన పని లేదు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు గండికోటకు వచ్చి గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. మీర్ జుమ్లా డేరాలో కూర్చుని పని చేసుకుంటున్న తీరు రాశాడు. వట్టి కాళ్ళతో కూర్చున్నాడట, కాలివేళ్ళ సందుల్లో కొన్ని జాబులు, ఎడమచేతి వేళ్ళ మధ్య కొన్ని. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కో జాబు తీసి, పక్కనున్న రాయసగాళ్ళకు (జాబులు రాసేవాళ్ళకు) జవాబులు చెప్పి రాయించేవాడట. పిల్లలు ఇక్కడ తప్పకుండా నవ్వుతారు. నవ్వనీ. నవ్వు తగ్గాక అడుగు: ఈ మనిషి ఏం పని మీద వచ్చాడు? ముత్యాలు అమ్ముకోవడానికి. కొనే శక్తి ఉన్నవాడి మీదే అతని చూపంతా ఉంటుంది. కోట కింద ఊళ్ళలో జొన్న చేల సంగతి అతనికెందుకు?

దాని పక్కన గండికోట కైఫీయతు పెట్టు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వాళ్ళ కింది వాళ్ళు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరి దండకవిలెలు (ఊరి లెక్కల పాత పుస్తకాలు) చూసి, పెద్దవాళ్ళు చెప్పింది విని రాయించినవి ఈ కైఫీయతులు. కడప జిల్లావి మన సి.పి. బ్రౌన్ కేంద్రం వాళ్ళు సంపుటాలుగా అచ్చు వేశారు. నువ్వు పొద్దుటూరు నుంచి గంటన్నరలో రావచ్చు. కైఫీయతుకు పట్టేది వేరే: ఏ నాయకుడి తర్వాత ఏ నాయకుడు, ఏ గుడికి ఏ మాన్యం, ఎవరి హక్కు ఎట్లా వచ్చింది. టావెర్నియే కళ్ళతో చూశాడు, ఊరివాడు కాదు. కరణం ఊరివాడే, జరిగి నూటయాభై ఏళ్ళయ్యాక చెప్తున్నాడు, పైగా కొత్తగా వచ్చిన దొరతనానికి చెప్తున్నాడు. మాన్యాలు ఉంటాయో ఊడతాయో అన్న టెన్షన్ ఆ చెప్పడంలో ఉండదా? పిల్లలు రెండు రకాలుగా జారిపడతారు. 'విదేశీయుడు కాబట్టి పక్షపాతం లేదు' అని కొందరు, 'మనవాడు కాబట్టి నిజం' అని కొందరు. రెండు వాక్యాలూ పాఠ్యపుస్తకాల్లోంచి వచ్చినవే. ఏ సంగతికి ఎవరి మాట పనికొస్తుందో విడివిడిగా తేల్చమను. వ్యాసం అక్కడ మొదలవుతుంది.

కైఫీయతు భాష పిల్లలకు కష్టమే. ఫసలీ, జమాబందీ, దశబంధం, ఇనాం లాంటి మాటలకు పేజీ అడుగున అర్థాలివ్వు. మూలాన్ని మాత్రం సాపు చెయ్యకు. పది పంక్తులే ఇవ్వు, ఉన్నవి ఉన్నట్టు ఇవ్వు.

కరువు మీద అధ్యాయం రాస్తానన్నావు. 1876–78 కరువుకు మంచి జత ఉంది. వైస్రాయి పంపగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ పనుల దగ్గర కూలీకి రోజుకు ఒక పౌను గింజలు, పైన కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ చాలదని, కనీసం పౌనున్నర కావాలని వాదించాడు. ఇద్దరూ ఒకే ప్రభుత్వపు అధికారులే! పౌనంటే అర కిలోకి కాస్త తక్కువ. మధ్యాహ్న భోజనం వండే గదిలో తక్కెడ ఉంటుంది కదా, తూచి పిల్లల ముందు పెట్టు. రోజంతా రాళ్ళు కొట్టిన మనిషికి అది సరిపోతుందో లేదో వాళ్ళు చెప్పాక, రెండు వాదనలూ చదివించు. ఒక హెచ్చరిక: ఆ కాలపు కాగితాల్లో అనంతపురం జిల్లా కోసం వెతికి లేదని వదిలెయ్యకు. ఆ జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది, అంతకుముందుది బళ్ళారి కింద చూడాలి. కర్నూలుదీ ఇట్లాంటిదే. 1800లో నిజాం దత్తమండలాలు (రాయలసీమ, బళ్ళారి ప్రాంతం) ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసినా నవాబు చేతిలోని కర్నూలు కంపెనీ నేరు పాలనలోకి వచ్చింది 1839లో. ఈ రెండు తేదీలూ నీ పుస్తకం మొదట్లోనే పెట్టు, చాలామంది టీచర్ల సాయంత్రాలు మిగులుతాయి.

మన జిల్లాలోని గండి క్షేత్రంలో, దత్తమండలాల కలెక్టరుగా చేసిన థామస్ మన్రోకు బంగారు తోరణం కనిపించిందన్న కథను 'మూఢనమ్మకం' అని కొట్టిపారేశావు. తొందరపడ్డావు. తోరణం చూసినవాడికి చావు దగ్గరపడినట్టేనని జనం అంటారు. మన్రో 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. తోరణం ఉందా లేదా అన్నదానికి ఆ కథ సాక్ష్యం కాదు, నిజమే. మరి ఒక తెల్లదొరకు, అదీ పన్ను వసూలు చేసిన కలెక్టరుకు, పుణ్యాత్ములకే కనిపించే తోరణాన్ని జనం ఎందుకు చూపించారు? పిల్లలకు మన్రోలప్ప అని ఎందుకు పేర్లు పెట్టుకున్నారు? పాళెగాళ్ళను అణిచినవాడూ ఆయనే కదా. జ్ఞాపకం కూడా పత్రమే, ఏ ప్రశ్నకు పత్రమో చూసుకోవాలి. ఇదొక్కటీ పదో తరగతి పిల్లలకు ఇస్తే ఏం రాస్తారో నాకూ చూడాలనుంది.

నువ్వు అడగకుండా దాటేసిన సంగతి, పరీక్షలు. పబ్లిక్‌లో పాయింట్లు కావాలి, సైడ్ హెడింగులు కావాలి, కింద గీతలు కావాలి. దాంతో కొట్లాటకు దిగకు. పేరెంట్స్ ఊరుకోరు, హెడ్మాస్టర్ అంతకన్నా ఊరుకోడు. వారానికి ఒక్క పీరియడ్ తీసుకో. యాభై మంది ఉన్న తరగతిలో యాభై వ్యాసాలు దిద్దలేవు, దిద్దుతానని పుస్తకంలో గొప్పలు రాయకు. ఒక పత్రం, ఒక ప్రశ్న, ఆరు వాక్యాలు. రెండు బెంచీలకో జవాబు. నెలకొక్కసారే పూర్తి వ్యాసం. ఇది ఏ సర్కారు బడిలోనైనా జరిగే పని.

ఇక నీ రాత. 'ఎంతో', 'అనేక', 'మహోన్నతమైన', ఈ మూడు మాటలు కనిపించిన చోటల్లా గీత పెట్టాను, నీ కాగితాలు ఎర్రబడ్డాయి. పిల్లలకు ఆధారం చూపించమని చెప్పే పుస్తకంలో నువ్వు విశేషణాలతో గెలుద్దామనుకుంటే ఎట్లా? 'అనేక చెరువులు' అంటే ఎన్ని? తెలియకపోతే 'పోరుమామిళ్ళ చెరువు' అని ఒక్కదాని పేరే రాయి. ఉపోద్ఘాతం, ముగింపు అన్న శీర్షికలు కూడా వదిలెయ్. 'ప్రాచీన కాలం నుండి మానవుడు...' అని మొదలుపెట్టే వ్యాసం ఆ శీర్షిక నుంచే పుడుతుంది. మొదటి వాక్యంలోనే పత్రం పేరు రావాలని నియమం పెట్టు. నియమాలు నాకూ ఇష్టం లేదు గానీ, ఇదొకటి పనిచేస్తుంది.

'శాసనం నిరూపిస్తోంది' అని ప్రతి పేజీలో ఉంది. శాసనం చెప్తుంది, అంటుంది, లెక్క ఇస్తుంది. నిరూపించడానికి ఇంకో సాక్ష్యం కావాలి. 'అనిపిస్తోంది', 'అయ్యుండొచ్చు' అని రాయడానికి మన పిల్లలు భయపడతారు, మార్కులు తగ్గుతాయని. నీ పుస్తకంలో నువ్వే ఆ మాటలు ధైర్యంగా వాడితే వాళ్ళకు చనువు వస్తుంది.

పబ్లిషర్ గురించి ఇప్పుడే ఆలోచించకు. మొదట పోరుమామిళ్ళ పేజీ ఒక్కటి తయారు చేసి, నీ తొమ్మిదో తరగతి మీద పెట్టి చూడు. వాళ్ళు రాసిన కాగితాల్లో బాగున్నవి ఏరొద్దు. మధ్యరకం పిల్లలవి ఓ పది, తప్పులు దిద్దకుండా, పెన్నూ పెన్సిలూ తేడా కనబడేట్టు పోస్టులో పంపు. ఫోన్‌లో ఫోటోలు వద్దు, నా కళ్ళకు ఆనవు. అవి చూశాక నాలుగో అధ్యాయం సంగతి మాట్లాడదాం.

ఆశీస్సులతో,
మీ సార్