అంకురార్పణ అంటే ఏమిటి? ప్రతి ప్రారంభానికీ వాడొచ్చా?

‘పథకానికి అంకురార్పణ’ అని పేపర్లో చూస్తుంటాం కదా, ప్రారంభం అనాల్సిన ప్రతి చోటా ఆ మాట వాడొచ్చా అని అడిగారు. వాడకూడదనే నేనంటాను. నల్లగొండలో కొన్నేళ్లు పత్రికకు వార్తలు రాశాను, సీసీ రోడ్డుకు కూడా ‘అంకురార్పణ’ అని ప్రెస్ నోట్లు వచ్చేవి, చదివినప్పుడల్లా మనసుకు కష్టంగా ఉండేది.

అంకురం అంటే మొలక. నిజానికి ఇది గుళ్లో చేసే ఒక తంతు పేరు. ఫాల్గుణంలో యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవాలకు వెళ్తే చూడండి, ధ్వజారోహణానికి ముందే మట్టి తెచ్చి పాలికల్లో, అంటే మొలకలు వేసే చిన్న పాత్రల్లో పోసి, నవధాన్యాలు చల్లి నీళ్లు చిలకరిస్తారు. పైరుకు చంద్రుడు అధిపతి అంటారు కాబట్టి ఇది పొద్దుగూకినాకే చేస్తారు. మా ఇంట్లో పెళ్లికి కూడా పాలికలు పెట్టారు, మొలకలు ఎంత పచ్చగా వస్తే అంత మంచిదని మా అమ్మ పొద్దున లేవగానే ముందు వాటినే చూసేది. అంటే విత్తు పడింది, పెరగాల్సిందంతా ఇంకా ముందుంది, అలాంటి మొదలుకే ఈ మాట.

మన దగ్గరి ఉదాహరణే చెప్తాను. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు అక్కడి దళితులు భూమి కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకొచ్చారు, ఆ తర్వాత అది దేశమంతా పాకింది. భూదానోద్యమానికి పోచంపల్లిలో అంకురార్పణ జరిగింది అంటే ఎంత చక్కగా కుదిరిందో చూడండి! అదే 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్ దగ్గర నెహ్రూ చేసింది శంకుస్థాపన. షాపు తెరిస్తే ప్రారంభోత్సవం, అంతే.

క్రియ కూడా చూసుకోవాలి. నాంది అంటే నాటకం మొదట్లో చదివే మంగళశ్లోకం, అందుకే నాంది ‘పలుకుతారు’. రాత మొదట్లో శ్రీ రాసే అలవాటు నుంచి వచ్చింది కాబట్టి శ్రీకారం ‘చుడతారు’. అంకురార్పణ మాత్రం ‘చేస్తారు’, లేదా ‘జరుగుతుంది’, ‘అంకురార్పణ పలికారు’ అని దయచేసి రాయకండి. ‘గొడవకు అంకురార్పణ’ కూడా వద్దు, అది శుభకార్యం మాట, గొడవకైతే ‘బీజం పడింది’ చాలు.

ఇదంతా రాతలో సంగతి. మాట్లాడేటప్పుడు మా నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ‘పని షురూ చేసిండు’, ‘మొదలువెట్టిండు’ అనే అంటారు, ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మీరూ హాయిగా అలాగే అనండి.