నిమ్మాకు మీద వెండి గీత

తమ్ముడూ,

నిమ్మాకును తొలిచే పురుగు మీద నువ్వు రాసింది చదివాను. మొదటి వాక్యంలోనే 'వెండి రెక్కల సుందరి' అన్నావు. పురుగు పెరిగి రెక్కలొచ్చాక, వాటిని పూర్తిగా చాపినా అది 4 మిల్లీమీటర్లు, ముడిస్తే ఆవగింజంత. ముందు ఆ కొలత చెప్పు. తెల్లగా మెరిసే రెక్క, దాని మీద సన్నటి చారలు, అంచున కుచ్చు, కొసన కాటుక పెట్టినట్టు ఒక నల్లచుక్క. ఇంతవరకు చూపిస్తే అందం సంగతి పాఠకుడే చూసుకుంటాడు.

'చిమ్మట' అన్న మాట తీసెయ్. ఒకరికది రాత్రిళ్లు అరిచేది, ఇంకొకరికి బట్టలు కొట్టేది. రైతులు 'రెక్కల పురుగు' అంటారు. అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

'ఆకును కొరికి చిల్లులు పెడుతుంది' అని రాశావే, అది తప్పు. గుడ్డులోంచి వస్తూనే పిల్లపురుగు ఆకు పైపొర కిందికి దూరిపోతుంది. కాళ్లుండవు. కణాలను చీల్చుకుంటూ, ఆ రసం తాగుతూ పాకుతుంది. పొర మాత్రం చిరగదు. ఒక ఆకు తెంపి వెలుతురుకు ఎత్తి పట్టుకో. అది పాకిన గీత మొదట్లో దారమంత, పురుగు పెరిగేకొద్దీ వెడల్పు. నడిమధ్యన నల్లగా సాగేది దాని రెట్ట. ఈ పురుగుకు పాముపొడ అని ఊరికే పేరు పెట్టారా! నేనైతే ఆ సన్నటి కొస దగ్గరే వ్యాసం మొదలుపెట్టి, మెలికలన్నీ తిరిగి ఆకు అంచు దాకా పోతాను. అక్కడ పురుగు తిండి మానేసి, పట్టుదారంతో అంచును మడుచుకుని ప్యూపా అవుతుంది, అంటే రెక్కలొచ్చే ముందు గూటిలో ఉండే దశ.

గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా ఇదంతా రెండు వారాల్లో అయిపోతుందని తేల్చేశావు. ఎండలు బాగా ఉంటే 13 రోజులు చాలు, చలిలో 52 రోజులు కూడా పట్టొచ్చు.

నేనూ ఒకప్పుడు ముదురాకు మీద గీత చూసి 'ఇంకా తింటోంది' అని రాసి నవ్వులపాలయ్యాను. అప్పటికే అది ఖాళీ ఇల్లు. గుడ్లు పెట్టేది లేత చిగుళ్ల మీదే.

నిమ్మ ఆకుల మీద, కాయల మీద గరుకు మచ్చలు తెచ్చే గజ్జి తెగులును ఒక్క వాక్యంలో దాటేశావు. పెద్ద చెట్టు ఈ గీతలను తట్టుకుంటుంది. కానీ ఆ గాయాల్లోంచి గజ్జి బ్యాక్టీరియా సులువుగా లోపలికి పోతుంది. పురుగును రచయితతో పోల్చిన పేరా కొట్టేసి, ఆ చోటు దీనికివ్వు.

రెక్కల పురుగు తిరిగేది తెల్లవారుజామున, సందె చీకట్లో. ఆ వేళకు ఒకసారి చిగుళ్ల దగ్గర నిలబడి, తర్వాత మళ్లీ రాసి పంపు.

ఉంటాను,
మీ అన్నయ్య