చందాల గురించి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కి,

పెదనాన్న దీవెనలు. ఊళ్ళో డెంగీ జ్వరాల కోసం డల్లాస్‌లో చందాలు పోగుచేస్తున్నావట, వాట్సాప్‌లో "మనవాళ్ళ కోసం మనం" అని పెట్టావట. మీ నాన్న చూపించాడు. మంచి పనే. ఆ "మనవాళ్ళు" అన్న మాట దగ్గరే నాకు కొంచెం టెన్షన్.

ఆ మాటకి డబ్బు రాలుతుంది, కాదనను. 2021 మే నెలలో, కరోనా సెకండ్ వేవ్ అప్పుడు నేనూ అదే మాట వాడాను. మన కులసంఘం గ్రూపులో రాత్రి మెసేజ్ పెడితే తెల్లారేసరికి రెండు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లకి సరిపడా పడింది. అదే ముక్క ఊరి గ్రూపులో పెడితే దండాల బొమ్మలు తప్ప పైసా రాలేదు.

మిషన్లు వచ్చాయి. పెట్టెల మీద సంఘం పేరుతో స్టిక్కర్లు అంటించి మన అరుగు మీదే పెట్టాం. ఒకటి వాడకంలో ఉంది, రెండోది ఖాళీ. ఎస్సీ కాలనీలో ఒకావిడకి ఆక్సిజన్ 88కి పడిపోయిందని ఏఎన్ఎమ్ ఫోన్ చేస్తే గానీ నాకు తెలియలేదు. వాళ్ళబ్బాయి అప్పటికే రెండుసార్లు మన గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళాడట. ఎందుకయ్యా అంటే, "మీవాళ్ళకని రాసుంది కదండీ" అన్నాడు. అంబులెన్స్ వచ్చేదాకా ఆ రెండో మిషన్ మీదే ఉంచాం. ఆవిడ బతికింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదురా.

అందుకని నీ హైస్కూల్ బ్యాచ్ పేరు మీద అడుగు. అదీ "మన" అనిపించేదే, పైగా అందులో అన్ని వీధుల పిల్లలూ ఉన్నారు. లిస్టులో మొదటి పేరు చూసుకో. మొదటివాడు 500 రాస్తే వెనకున్నవాళ్ళంతా 500 దగ్గరే ఆగుతారు. ఎక్కువ ఇచ్చేవాడికి ముందే ఫోన్ చేసి పెట్టుకో.

డబ్బు పంపే దారి కూడా జాగ్రత్త. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళది మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే వెళ్ళాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ ఇంకో సంస్థకి ఆ డబ్బు మళ్ళించకూడదు. కాబట్టి ఊళ్ళో స్వయంగా పనిచేసే సంస్థనే వెతుకు.

ఇక ఖర్చు. "మా వీధికే వాడండి" అని ఎవరైనా అంటే ఆ డబ్బు తీసుకోకు, మొహమాటపడకు. ఎక్కడ పెట్టాలో ఏఎన్ఎమ్, ఆశా వర్కర్ చెప్తారు, చందా ఇచ్చినవాడు కాదు. డెంగీ దోమ నిలవ ఉంచిన మంచినీళ్ళలో పెరుగుతుంది. మన వీధికి రోజూ కొళాయి వస్తుంది. కాలనీకి రోజు విడిచి రోజు. డ్రములన్నీ అక్కడే ఉన్నాయి, సగం వాటికి మూతల్లేవు. నన్నడిగితే ముందు మూతలు, తర్వాత రక్తపరీక్షలు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకి మించి నిలవ ఉండవు గనక వాటికి డబ్బు దాచేకంటే, చుట్టుపక్కల రక్తం ఇచ్చే కుర్రాళ్ళ ఫోన్ నంబర్లు రాసి పెట్టడం నయం. ఆ పని నేను మొదలుపెట్టాను.

ఆ రెండు మిషన్లూ ఇప్పుడు పీహెచ్‌సీలో ఉన్నాయి. స్టిక్కర్లు నేనే గోటితో గీకాను, జిగురు మాత్రం పూర్తిగా పోలేదు. నువ్వు పంపేవాటి మీద ఏమీ అంటించకు.

మీ పెదనాన్న