చీమ మాట చీమకే వదిలెయ్యి

చిరంజీవి మేనకోడలికి మీ అత్త ఆశీర్వదించి వ్రాయునది.

అమ్మలూ, నువ్వు ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి పిల్లల కథల పుస్తకం రాయబోతున్నావని మొన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఇంకొకరు పిల్లల కోసం కలం పడుతున్నారన్న గర్వం ఒకవైపు, నేను పడిన తిప్పలన్నీ నువ్వూ పడతావేమోనన్న దిగులు ఇంకోవైపు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. రోజూ చదువు, రోజూ కొంత రాయి. రాసినదాన్ని పైకి చదువుకో; నాలుక తడబడిన చోట వాక్యాన్ని విరిచెయ్యి. అప్పు చేసి మాత్రం పుస్తకం అచ్చు వేయించకు, నా మీద ఒట్టు. నేను మీ మామయ్య పీఎఫ్ డబ్బు తీసి మొదటి పుస్తకం వెయ్యి ప్రతులు వేయించాను. ఆ డబ్బు తిరిగి రాలేదు. మంచం కింద పెట్టిన కట్టలకు చెదలు పట్టకుండా ఎన్నో వానాకాలాలు కాపలా కాశాను. నువ్వు మూడు వందలు వేయించు, చాలు.

ఇంతకంటే పెద్ద తప్పు ఆ పుస్తకం లోపలే ఉంది. ఏడు చేపల కథ నీకు చెప్పింది నేనే. చీమ దగ్గరికి రాగానే నీ వేలు గిల్లేదాన్ని. ఆ కథను ఆ పుస్తకంలో నా చేతులతో నేనే పాడు చేశాను. రెండు పేజీలు మించకూడదని, ఎండని చేప నుంచి గడ్డిమోపుకు, అక్కడి నుంచి మేయని ఆవుకు, మేపని పాలేరుకు, అన్నం పెట్టని అవ్వకు, ఏడ్చే పిల్లవాడికి సాగే ప్రశ్నల వరసనంతా రెండు వాక్యాలకు కుదించాను. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అన్న చీమ మాట పొగరుగా ఉందనిపించి దాన్ని కొట్టేసి, ఇతరుల జోలికి పోరాదన్న నీతి పెట్టాను. నీతి లేని కథ పిల్లలకెందుకు అనే పెద్దవాళ్లకు నేను భయపడ్డాను, అదీ నిజం.

పుస్తకం పట్టుకుని ఒక పల్లెటూరి బడిలో మూడో తరగతికి వెళ్లాను. నేను మొదలుపెట్టగానే పిల్లలు నాకంటే ముందే "చేపా చేపా ఎందుకెండలేదు?" అని అందుకున్నారు. నేను చేత్తో వారించి, అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదువుకుంటూ పోయాను. ముందు వరసలో ఒక పాప చూపుడు వేలు ముందుకు చాపి కూర్చుంది. వాళ్లింట్లో కూడా ఎవరో ఆ చోట గిల్లుతారు కాబోలు, చీమ చేత కుట్టించుకోవడానికి ముందే సిద్ధమైంది. నేను నీతి చదివి పుస్తకం మూశాను. వేలు అలాగే ఉంది. "మరి చీమ ఏమందండీ?" అని అడిగింది. నేను నీతినే మళ్లీ వివరించాను. ఆ పాప వేలు మెల్లగా మడుచుకుని ఒళ్లో పెట్టుకుంది.

నేను కొట్టేసినది ఏమిటో నాకు తరువాత అర్థమైంది. ఆ కథలో ప్రతివారూ తప్పును పక్కవాళ్ల మీదికి తోస్తారు. ఆ తోపులాట అంతా చివరికి అందరికంటే చిన్న ప్రాణి నెత్తిన పడితే, అది తల ఎత్తి ఎదురు ప్రశ్న వేస్తుంది. పొద్దున లేచింది మొదలు పెద్దల చేత మాటలు పడే పిల్లలు ఆ ఒక్క ప్రశ్న వినడం కోసమే కథంతా మన వెంట నడుస్తారు. ఇక ఆ మళ్లీ మళ్లీ వచ్చే వాక్యాలున్నాయే, అక్షరాలు రాని పిల్ల కూడా వాటిని పట్టుకుని తరువాతి మాటను తానే అందిస్తుంది. చదువు అక్కడే మొదలవుతుందని నా నమ్మకం. గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా రాసిన 'దివాస్వప్న'లో మౌనంగా ఉండే ఆటకు లొంగని పిల్లలు కథ మొదలుకాగానే కుదురుగా కూర్చుంటారు. ఆ పుస్తకం నేను ముందే చదివి ఉంటే బాగుండేది.

నువ్వు పంపిన రెండు పేజీలూ చూశాను. "అత్యంత సుందరమైన పూదోట" అని రాశావు. ఏ పువ్వులే? బంతా, కనకాంబరమా? చిన్నప్పుడు మా పెరట్లో కనకాంబరం కాయలు తడిపి, అవి టపటపా పేలితే చప్పట్లు కొట్టినదానివి, అలా ఎలా రాశావు? 1952 నుంచి 1980లో కన్నుమూసే వరకు 'చందమామ'ను నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారి వాక్యాలు తీసి చూడు. రాజు, అడవి, రాక్షసుడు అన్నీ ఉంటాయి, బరువైన విశేషణాలు మాత్రం వెతికినా దొరకవు.

కోప్పడ్డానని నొచ్చుకోకు తల్లీ. కుక్కపిల్ల తాతగారి చెప్పు కరుచుకుని మెట్ల కింద దూరిన చోట నేను పైకే నవ్వాను. ఆ చెప్పు దొరికిందో లేదో నువ్వు చెప్పకపోవడం ఇంకా నచ్చింది. ఎవరైనా చెప్పమన్నా చెప్పకు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు కాగితాలన్నీ తెచ్చుకో. పక్కింటి పిల్లలిద్దరినీ అరుగు మీద కూర్చోబెడతాను. నువ్వు చదువు. నేను వాళ్ల చేతుల వంక చూస్తూ కూర్చుంటాను.

ఆశీస్సులతో,
మీ అత్త